రక్తం ఎక్కించవద్దన్న రోగి, మత్తు డాక్టరు లెక్కలు

మన ఆసుపత్రుల్లో పెద్ద ఆపరేషన్ అనగానే రోగి బంధువులకు ముందుగా వినిపించే మాట, రక్తం ఇచ్చేవాళ్లను ఇద్దరిని సిద్ధం చేసుకోమని. బ్లడ్ బ్యాంకులో రెండు యూనిట్లు పక్కన పెట్టించినట్టు కేస్ షీట్‌లో కనబడితే తప్ప రోగి వార్డు దాటి థియేటరు దాకా రావడమే కష్టం. ఆ రెండు సంచులూ వాడినా వాడకపోయినా, అవి ఫ్రిజ్‌లో ఉన్నాయన్న ధైర్యంతోనే సర్జన్ కత్తి పట్టుకుంటాడు, నేను మత్తు ఇస్తాను. ఆ ధైర్యాన్ని మొదట్లోనే పక్కన పెట్టించి, "ఆపరేషన్ చేయండి, ఏం జరిగినా రక్తం మాత్రం ఎక్కించకండి" అని అడిగే రోగులు ఉన్నారు. కోస్తాలో మత్తు డాక్టరుగా పనిచేస్తున్న నేను అలాంటివాళ్లను అప్పుడప్పుడూ చూస్తూ వస్తున్నాను. వాళ్లకు ఆపరేషన్ ఎలా చేస్తారని అడిగేవాళ్లు, నేను ఏదో యంత్రం పేరో కొత్త మందు పేరో చెబుతానని ఎదురుచూస్తారు. యంత్రాలూ ఉన్నాయి, మందులూ ఉన్నాయి, వాటి సంగతీ రాస్తాను. అయితే ఇందులో జయాపజయాలు చాలావరకు తేలిపోయేది ఆపరేషన్‌కు మూడు నాలుగు వారాల ముందు, ఓపీ గదిలో. ఆ మాట ఎందుకంటున్నానో లెక్కలతో చూపించాలన్నదే ఈ వ్యాసం రాయడానికి కారణం.

రక్తం వద్దనేవాళ్లలో ఎక్కువమంది యెహోవాసాక్షులు అనే క్రైస్తవ శాఖవాళ్లు. ప్రాణం రక్తంలో ఉంది కనుక దాన్ని శరీరంలోకి తీసుకోకూడదని బైబిల్లోని ఆదికాండము 9వ అధ్యాయం, లేవీయకాండము 17వ అధ్యాయం, అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చెబుతున్నాయని వాళ్ల విశ్వాసం. ఆ వాక్యాలు తినడానికి సంబంధించినవే తప్ప వైద్యానికి సంబంధించినవి కావని తక్కిన క్రైస్తవులు అంటారు; ఆ వాదంలో తీర్పు చెప్పడం నా పని కాదు, నాకా అర్హతా లేదు. ఈ నియమం ఆ సంస్థలో మొదటి నుంచీ ఉన్నది కూడా కాదు, 1945 నుంచి వచ్చింది. మొత్తం రక్తాన్నీ, దాని నాలుగు ప్రధాన భాగాలైన ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మాలనూ వాళ్లు తీసుకోరు. ప్లాస్మాను ఇంకా విడగొట్టగా వచ్చే ఆల్బుమిన్, ఇమ్యునోగ్లోబులిన్లు, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫ్యాక్టర్లు, ఇవన్నీ ఎవరి మనస్సాక్షికి వాళ్లు నిర్ణయించుకోవలసినవి. రోగి సొంత రక్తాన్నే థియేటరులో సేకరించి, శుభ్రపరిచి, తిరిగి ఎక్కించే పద్ధతులూ అంతే. అందువల్ల ఇద్దరు సాక్షులు ఒకే సంఘానికి వెళ్లేవాళ్లయినా ఇద్దరి జవాబులూ ఒకటి కావు. "ఆయన సాక్షి, ఆయనకు రక్తం పడదు" అని కేస్ షీట్ మీద ఎర్ర సిరాతో ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకోవడం వైద్యం అనిపించుకోదు.

ఆ జవాబులు రాబట్టుకోవడం మన దగ్గర ఎంత కష్టమో చెప్పాలి. ఒక రోగితో ఆరుగురు వస్తారు. ప్రశ్న రోగిని అడిగితే జవాబు భర్త చెబుతాడు, భర్త తడుముకుంటే అన్నయ్య అందుకుంటాడు, సంఘ పెద్ద ఉంటే ఆయన అందరికంటే ముందు చెబుతాడు. నేను అందరినీ మర్యాదగా బయట కూర్చోబెట్టి, తోడుగా ఒక నర్సును మాత్రం గదిలో ఉంచుకుని, రోగితో ఒంటరిగా మాట్లాడతాను. గర్భసంచిలో గడ్డలతో వచ్చిన నలభై దాటిన ఒకావిడతో అలా కూర్చున్నప్పుడు, నేను ఒక్కో పదార్థం పేరూ చదివి, అది దేని నుంచి వస్తుందో చెప్పి, కావాలో వద్దో గీతలు గీసుకుంటూ పోయాను. ఆల్బుమిన్ సరేనన్నారు. రక్తస్రావాన్ని ఆపే ఫైబ్రిన్ జిగురు మనిషి ప్లాస్మా నుంచే తయారవుతుందని చెబితే కాసేపు ఆలోచించి, వద్దన్నారు. సొంత రక్తాన్నే కడిగి తిరిగి ఎక్కించే సెల్ సేవర్ యంత్రం గురించి, "గొట్టం నా ఒంటి నుంచి విడిపోకుండా ఉంటుందా, డాక్టరు గారూ?" అని అడిగారు. ఉంటుందన్నాను, ఒప్పుకున్నారు. చివరి ప్రశ్న అడగడం ఎవరికైనా ఇబ్బందే: "రక్తం ఎక్కించకపోతే ప్రాణం పోతుందన్న పరిస్థితి వస్తే ఏం చేయమంటారమ్మా?" ఆవిడ చెప్పిన జవాబును ఆవిడ మాటల్లోనే, తెలుగులోనే రాసి సంతకం తీసుకున్నాను. ఆ ప్రశ్న ఒక్కసారే అడగాలి, తెలివి పూర్తిగా ఉన్నప్పుడే అడగాలి. నొప్పిలోనో, సగం మత్తులోనో మళ్లీ మళ్లీ అడిగి, అలసిపోయి తలూపితే దాన్ని అనుమతిగా లెక్క కట్టడం నాకు దొంగ సంతకంతో సమానంగా కనిపిస్తుంది.

ఇది ఇటీవలి ఆలోచనేమీ కాదు. అమెరికాలో, హ్యూస్టన్ నగరంలో డెంటన్ కూలీ అనే హృదయ శస్త్రవైద్యుడు 1960ల ఆరంభంలోనే సాక్షులకు గుండె తెరిచి ఆపరేషన్లు చేశాడు. ఆ రోజుల్లో గుండె పనినీ ఊపిరితిత్తుల పనినీ తాత్కాలికంగా చేసే యంత్రాన్ని నడపాలంటే ముందు దాని గొట్టాలన్నీ దాతల రక్తంతో నింపేవారు. కూలీ బృందం ఆ గొట్టాలను 5 శాతం డెక్స్‌ట్రోజ్ ద్రావణంతో నింపింది. 1977లో వాళ్లు ప్రచురించిన నివేదికలో 542 మంది సాక్షులు ఉన్నారు, ఒక్క రోజు వయసు పసికందు నుంచి 89 ఏళ్ల వృద్ధుల దాకా. ఆపరేషన్ తర్వాత నెల రోజుల్లో చనిపోయినవారు 9.4 శాతం. నేరుగా రక్తం పోవడం వల్లనే చనిపోయినవారు ముగ్గురు. ఈనాటి కొలతలతో 9.4 శాతం పెద్ద సంఖ్యే అనిపించవచ్చు కానీ, ఆనాటి గుండె ఆపరేషన్లను దృష్టిలో పెట్టుకుని చదవాలి. రక్తం లేకుండా గుండెను తెరవడం ఆత్మహత్యా సదృశమని నమ్మిన తరానికి ఆ ముగ్గురు అన్న అంకె చాలా విషయాలు చెప్పింది.

ఇక హిమోగ్లోబిన్ ఎంత దాకా పడిపోతే మనిషి తట్టుకోగలడన్నది అసలు ప్రశ్న. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. హిమోగ్లోబిన్ 15 ఉండి (అంటే వంద మిల్లీలీటర్ల రక్తంలో 15 గ్రాములు), గుండె నిమిషానికి 5 లీటర్ల రక్తం నెట్టే మనిషిలో కణజాలానికి నిమిషానికి దాదాపు 1000 మిల్లీలీటర్ల ఆక్సిజన్ చేరుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడుకునేది 250. అంటే నాలుగింట మూడు వంతులు నిల్వ. హిమోగ్లోబిన్ 7కు పడితే ఆ 1000 కాస్తా 460 చిల్లరకు దిగుతుంది, గుండె వేగం పెంచి లోటు పూడుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె ఆ బరువు మోస్తుంది. గుండె కండరం మాత్రం తనకు అందిన ఆక్సిజన్‌లో చాలా భాగాన్ని మామూలు రోజుల్లోనే వాడేసుకుంటుంది కనుక, గుండె రక్తనాళాలు పూడుకుపోయిన రోగికి ఈ నిల్వ లెక్క వర్తించదు. అటువంటివాళ్లలో 9 కూడా ప్రమాదకరం కావచ్చు.

ఈ విషయంలో వైద్య లోకానికి తెలిసినదాంట్లో చాలా భాగం సాక్షుల దగ్గర నేర్చుకున్నదే. రక్తహీనతలో మనిషిని ఎక్కడిదాకా వదిలేయవచ్చో తెలుసుకోవడానికి ఎవరూ ప్రయోగం చేయలేరు కదా. మత కారణంతో రక్తం వద్దని ఆపరేషన్ చేయించుకున్న 1,958 మంది వివరాలను జెఫ్రీ కార్సన్ బృందం 1996లో ప్రచురించింది. ఆపరేషన్‌కు ముందు హిమోగ్లోబిన్ 12 గానీ ఆపైన గానీ ఉన్నవారిలో నెలలోపు మరణాలు 1.3 శాతం, 6 కంటే తక్కువ ఉన్నవారిలో 33.3 శాతం. అదే బృందం 2002లో, ఆపరేషన్ తర్వాత హిమోగ్లోబిన్ 8కి గానీ అంతకంటే కిందికి గానీ దిగిన 300 మందిని విడిగా చూసింది. 7.1కీ 8కీ మధ్య ఉన్నవారిలో ఒక్కరూ చనిపోలేదు. 4.1కీ 5కీ మధ్యకు దిగినవారిలో మూడింట ఒక వంతుకు పైగా చనిపోయారు. ఈ రెండు అధ్యయనాల మధ్యలో, 1999లో, కెనడాలో ఐసీయూ రోగులు 838 మందితో జరిగిన ఒక పరీక్షలో హిమోగ్లోబిన్ 7 దాకా ఆగి రక్తం ఎక్కించడం, 10 దగ్గరే ఎక్కించడం కన్నా హీనం కాదని తేలింది. పది దాటి ఉంటే తప్ప మత్తు ఇవ్వకూడదని మా గురువులు నేర్పిన సూత్రానికి అంతకుముందు ఉన్న ఆధారం అలవాటే.

ఇప్పుడు ఓపీ గది లెక్క. 50 కిలోల బరువున్న స్త్రీ ఒంట్లో కిలోకు 65 మిల్లీలీటర్ల చొప్పున సుమారు 3,250 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. హిమోగ్లోబిన్ 7 దాకా దిగితే తట్టుకుంటుందనుకుందాం, పోయిన రక్తం స్థానంలో సెలైన్ నింపుతూ పోతామనుకుందాం. ఆవిడ 8 గ్రాముల హిమోగ్లోబిన్‌తో బల్ల మీదికి వస్తే మేము పోగొట్టగలిగిన రక్తం 430 మిల్లీలీటర్లు. గడ్డలతో నిండిన గర్భసంచి తీసే ఆపరేషన్‌లో అది మొదటి అరగంటలోనే పోవచ్చు. అదే ఆవిడ 12తో వస్తే పోగొట్టగలిగింది సుమారు 1,750 మిల్లీలీటర్లు. నాలుగు గ్రాముల తేడాతో మా చేతికి చిక్కిన వెసులుబాటు నాలుగు రెట్లయింది. థియేటరులో మేము చేసే ఏ విద్యా, కోట్ల రూపాయల ఏ యంత్రమూ ఒంటరిగా ఇంత వెసులుబాటు ఇవ్వవు. ఇది మత్తు డాక్టర్లందరూ చదువుకునేటప్పుడు బట్టీ పట్టే లెక్కే. అయినా రక్తం సంచి చేతికి అందేంత దూరంలో ఉన్నంతకాలం దాన్ని ఎవరూ చేసి చూడరు.

కాబట్టి మొదటి పని నాలుగు గ్రాములు సంపాదించడం. అందుకు ఎంత ఇనుము కావాలో ఒక సూత్రం ఉంది: బరువును 15కు ఉన్న లోటుతో, దాన్ని 2.4తో గుణించి, నిల్వల కోసం 500 కలపాలి. 50 కిలోల మనిషిని 8 నుంచి 15కు తీసుకువెళ్లాలంటే 1,340 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఐరన్ మాత్రలో ఎంతున్నా పేగు రోజుకు గ్రహించేది కొద్ది మిల్లీగ్రాములే, పైగా మన ఇళ్లలో ఆ మాత్రను పొద్దున టీతో కలిపి మింగుతారు, టీ ఆ కొద్దిదాన్నీ అడ్డుకుంటుంది. అందువల్ల నరానికి ఎక్కించే ఐరన్ ఇస్తాం. ఐరన్ సుక్రోజ్ అయితే ఒకసారికి 200 మిల్లీగ్రాముల చొప్పున చాలాసార్లు రావాలి. ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే ఒకే కూర్చోవడంలో 1,000 మిల్లీగ్రాముల దాకా ఇవ్వవచ్చు, ఖరీదు ఎక్కువ. బీ12, ఫోలిక్ యాసిడ్ తక్కువగా ఉంటే ఐరన్ ఒక్కటే ఏమీ చేయలేదు, శాకాహారుల్లో ఈ సంగతి మరీ చూసుకోవాలి. పొలం పనికి చెప్పులు లేకుండా వెళ్లేవాళ్లకు పేగుల్లో రక్తం పీల్చే కొంకి పురుగుల మందు వేయాలి. ఎముక మజ్జను తొందరపెట్టే ఎరిత్రోపోయిటిన్ సూది చర్మం కింద ఇస్తాం. రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదాన్ని అది పెంచుతుంది కాబట్టి అందరికీ కుదరదు. కొన్ని కంపెనీల సూదుల్లో ఆల్బుమిన్ కలిసి ఉంటుంది, అందుకని సీసా మీద చిన్న అక్షరాలు చదివి, రోగి ఒప్పుకున్న జాబితాతో పోల్చుకోవాలి. వీటన్నిటికంటే ముందు, పోయే రక్తాన్ని ఆపాలి. గర్భసంచి గడ్డలున్న ఆవిడకు నెలసరి కొన్నాళ్లు ఆగేలా హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చాం. కుండకు చిల్లి అలాగే ఉంచి నీళ్లు పోస్తూ కూర్చుంటే ఎన్ని వారాలైనా చాలవు.

ఈ చిల్లుల్లో ఒకటి మేము పొడిచేదే. ఐసీయూలో ఉన్న రోగి నుంచి పరీక్షల పేరుతో తీసే రక్తం రోజుకు 40 నుంచి 70 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. వారం తిరిగేసరికి అది ఒక సంచి రక్తమవుతుంది. ఒక్కో పరీక్షకు ఒక్కో రంగు మూత గొట్టం, ఒక్కో గొట్టంలో నాలుగైదు మిల్లీలీటర్లు. ల్యాబ్ యంత్రానికి అందులో కావలసింది కొన్ని చుక్కలే, మిగతాది సాయంత్రానికి చెత్తబుట్టలోకి పోతుంది. రక్తం వద్దన్న రోగులకు మేము పిల్లల వార్డులో వాడే చిన్న గొట్టాలు తెప్పిస్తాం, పరీక్ష అవసరమేమిటో రాస్తే తప్ప రక్తం తీయనివ్వం. మొదటిసారి ఈ నియమం పెట్టినప్పుడు ల్యాబ్‌వాళ్లకూ మాకూ కాస్త మాటా మాటా వచ్చిన మాట నిజమే కానీ, పెద్దల రక్తం చిన్న గొట్టంలో పోస్తే ఫలితం తప్పుతుందని ఎవరూ నిరూపించలేకపోయారు.

థియేటరులో మొదటి ఆయుధం సర్జన్ చెయ్యి. ఈ కేసును శిష్యుడికి నేర్పడానికి ఇవ్వకూడదు. అనుభవజ్ఞుడైన సర్జన్ తొందరపడకుండా, ప్రతి చిన్న రక్తనాళాన్నీ కోసిన తర్వాత ఆపడం కాకుండా కోయకముందే మూస్తూ పోవాలి. మేమందరం కాటరీ అని పిలిచే ఆ కరెంటు కత్తిని 1926లో బోస్టన్‌లో హార్వీ కుషింగ్ వాడి చూసిందే, రక్తస్రావం వల్ల అంతకుముందు వదిలేయవలసి వచ్చిన తల గడ్డను తీయడానికి. నా వంతు పనులు బయటికి కనపడవు. రక్తపోటును కాస్త తగ్గించి ఉంచడం, కోసే చోటు గుండె కంటే ఎత్తులో ఉండేలా బల్లను వంచడం, కడుపు మీద ఒత్తిడి పడకుండా చూడటం, ఒళ్లు చల్లబడనివ్వకపోవడం. ఈ చివరిది మన థియేటర్లలో నిత్యం ఒక తగాదా. గౌన్ల లోపల చెమటలు పట్టే సర్జన్లు ఏసీని 18 దగ్గర పెట్టమంటారు, మత్తులో ఉన్న రోగి శరీరం వేడిని కాపాడుకోలేదు, ఒంటి వేడి పడిపోతే ప్లేట్‌లెట్లు సరిగా పనిచేయవు, రక్తం సరిగా గడ్డకట్టదు. సెలైన్‌ను వేడిచేసి ఎక్కిస్తాం, రోగి మీద వెచ్చటి గాలి పంపే దుప్పటి కప్పుతాం, ఏసీ దగ్గర నేను మొండిగా ఉంటాను.

ట్రానెక్సామిక్ యాసిడ్‌కు ప్రత్యేకంగా నాలుగు మాటలు చెప్పుకోవాలి. జపాన్‌కు చెందిన ఉతాకో ఒకమోతో, షోసుకే ఒకమోతో దంపతులు 1962లో దీన్ని ప్రపంచానికి తెలియజేశారు. కట్టిన గడ్డ కరిగిపోకుండా ఆపడం దీని పని. రోడ్డు ప్రమాదాలు మొదలైన గాయాలతో వచ్చిన 20,211 మందిపై, మన దేశంతో సహా నలభై దేశాల్లో జరిగి 2010లో వెలువడిన పరీక్షలో ఈ మందు మరణాలను 16 శాతం నుంచి 14.5 శాతానికి తగ్గించింది. మామూలు ఆపరేషన్లలోనూ రక్తస్రావాన్ని తగ్గిస్తుందని 2022లో 9,535 మందిపై జరిపిన మరో పరీక్ష చూపింది. రక్తంతో ఏ సంబంధమూ లేని మందు కనుక ఏ సాక్షికీ దీనిపై అభ్యంతరం ఉండదు. మందుల షాపులో అన్నిచోట్లా దొరుకుతుంది, ఒక పూట హోటల్ భోజనం ఖర్చు కూడా కాదు. ఇంత చవకైనది కాబట్టే దీని గురించి మాకు ఏ మెడికల్ రెప్రజెంటేటివూ వచ్చి చెప్పడేమో.

రోగి ఒప్పుకుంటే ఇంకో రెండు పద్ధతులున్నాయి. మత్తు ఇచ్చిన వెంటనే రోగి రక్తాన్ని కొంత సంచిలోకి తీసి, ఆ మేరకు సెలైన్ ఎక్కించి పలచన చేయడం ఒకటి. చిక్కటి మజ్జిగ ఒలికితే పోయే పెరుగు కన్నా, నీళ్లు కలిపిన మజ్జిగ అంతే ఒలికితే పోయే పెరుగు తక్కువ కదా, ఇదీ అంతే: హిమోగ్లోబిన్ 12 ఉన్నప్పుడు ఒక లీటరు రక్తం పోతే పోయేది 120 గ్రాములు, 9కి పలచన చేశాక పోతే 90 గ్రాములే. పని ముగిసే సమయానికి సంచిలోని చిక్కటి రక్తం, ప్లేట్‌లెట్లతో సహా, తిరిగి ఎక్కిస్తాం. 8తో వచ్చిన రోగికి ఈ పద్ధతి పనికిరాదని వేరే చెప్పనక్కర్లేదు, అక్కడ కూడా ఓపీ గదిలో చేసిన పనే ఆధారం. రెండవది సెల్ సేవర్. గాయంలో చేరిన రక్తాన్ని పీల్చి, గిర్రున తిప్పి, కడిగి, ఎర్ర కణాలను మాత్రం సెలైన్‌లో కలిపి వెనక్కి పంపే యంత్రం. గర్భసంచి గడ్డల ఆవిడ అడిగిన గొట్టం సంగతి ఇక్కడే వస్తుంది. రక్తం ఒంటిని విడిచి నిల్వ ఉండకూడదన్నది ఆవిడ నియమం కాబట్టి, ఆపరేషన్ మొదలుపెట్టకముందే యంత్రం నుంచి చేతి నరం దాకా గొట్టమంతా సెలైన్‌తో నింపి కలిపేశాం, కుట్లు పూర్తయ్యేదాకా దాన్ని విప్పలేదు. నర్సు రక్తం అద్దిన ఒక్కో గుడ్డనూ తూకం వేసి, పొడి బరువు తీసేసి, బోర్డు మీద రాస్తూ పోయింది. ఒక గ్రాము పెరిగితే ఒక మిల్లీలీటరు పోయినట్టు లెక్క. కంటి అంచనా ఎప్పుడూ అసలు కంటే తక్కువే చెబుతుంది, అందుకే ఇలాంటి కేసుల్లో త్రాసును నమ్ముతాం. ఆ రోజు బోర్డు మీద చివరి అంకె 600 దాటలేదు, సెల్ సేవర్ సగం వరకు తిరిగి ఇచ్చింది. యంత్రం సాయం లేకపోయినా ఆవిడ బతికేవారు. నాలుగు వారాల ముందు 8 దగ్గర ఉన్నప్పుడు అదే 600 పోయి ఉంటే ఆ మాట అనేవాణ్ని కాదు.

ఆపరేషన్ తర్వాత చేయవలసింది రెండే ముక్కల్లో చెప్పవచ్చు: అవసరాన్ని తగ్గించాలి, అనుమానం వస్తే ఆగకూడదు. వణుకు, జ్వరం, నొప్పి, ఈ మూడూ శరీరం ఆక్సిజన్ వాడకాన్ని పెంచుతాయి, మూడింటినీ మొదట్లోనే అణచాలి. హిమోగ్లోబిన్ మరీ పడిపోతే గాఢంగా మత్తులో ఉంచి, వెంటిలేటర్ మీద పూర్తి ఆక్సిజన్ ఇస్తారు. మామూలుగా రక్తద్రవంలో కరిగే ఆక్సిజన్ లెక్కలోకి రానంత తక్కువ కానీ, హిమోగ్లోబిన్ 3కు దిగినవాడికి ఎర్ర కణాలు మోసేది నిమిషానికి 200 మిల్లీలీటర్లయితే, కరిగిన ఆక్సిజన్ దానికి ఇంకో 75 దాకా కలుపుతుంది. ఆ 75 అక్కడ కొద్ది రోజుల ఆయుష్షు. గాయం లోపలి నుంచి బయటికి పెట్టిన గొట్టంలో (డ్రెయిన్‌లో) రక్తం కనిపించినప్పుడు, మరో గంట చూద్దామని తక్కిన రోగుల విషయంలో అనుకున్నట్టు ఇక్కడ అనుకోకూడదు. సందేహం ఉంటే తిరిగి థియేటరుకే.

ఇదంతా చదివి, రక్తం లేకుండానే అన్నీ చక్కబెట్టవచ్చని ఎవరైనా అనుకుంటే అది నా రాత లోపం అవుతుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో గుండె ఆపరేషన్ చేయించుకున్న 322 మంది సాక్షులు, అదే తీరు జబ్బుతో రక్తం ఎక్కించుకున్న ఇతరుల కంటే తక్కువ ఇబ్బందులు పడ్డారని 2012లో ఒక నివేదిక వచ్చింది, దాన్ని సాక్షులూ కొందరు డాక్టర్లూ గొప్పగా చూపిస్తుంటారు. కానీ అక్కడికి చేరినవాళ్లు ముందుగా సిద్ధం చేసినవాళ్లు. మరీ నీరసించినవాళ్లను ఏ సర్జనూ బల్ల ఎక్కించడు, వాళ్లు ఆ లెక్కలో లేరు. అసలు పరీక్ష కాన్పు గదిలో. కాన్పు తర్వాత గర్భసంచి బిగుసుకోకపోతే కొన్ని నిమిషాల్లో లీటర్లు పోతాయి, సిద్ధపడటానికి నాలుగు వారాలు ఉండవు. నెదర్లాండ్స్‌లో సాక్షులైన గర్భిణులను గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, తల్లి చనిపోయే ప్రమాదం తక్కినవారికంటే ఆరు రెట్లుందని తేలింది. మంచి ఆసుపత్రులున్న దేశంలోనే అలా ఉంది. అందుకని నేను గర్భిణీ సాక్షులకు మూడో నెలలోనే చెబుతాను, సెల్ సేవర్, రక్తనాళాన్ని లోపలి నుంచి మూసే సదుపాయం ఉన్న ఆసుపత్రిలో పేరు రాయించుకోమని. మాయ గర్భసంచి కింది భాగంలో అంటుకుని ఉన్నట్టు స్కానింగ్‌లో కనబడితే, నా చేతుల్లో కుదరదని నిర్మొహమాటంగా చెప్పేస్తాను. ముందుగా చెప్పడం రోగిని వదిలేయడం కాదు. బల్ల మీదికి వచ్చాక మాట మార్చడం వదిలేయడం.

చట్టం కూడా ఆ దిశలోనే మాట్లాడుతుంది. రక్తం వద్దని రాసిన కార్డు పర్సులో పెట్టుకుని స్పృహ లేకుండా వచ్చిన స్త్రీకి రక్తం ఎక్కించిన డాక్టరు నష్టపరిహారం చెల్లించాలని కెనడాలోని ఒంటారియో అప్పీల్ కోర్టు 1990లో చెప్పింది. స్పెయిన్‌లో ఇలాంటి రాతలను లెక్క చేయకుండా రక్తం ఎక్కించిన కేసులో 2024 సెప్టెంబరులో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు రోగి పక్షాన తీర్పునిచ్చింది. మన సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో, రోగి ఒకదానికి ఇచ్చిన అనుమతిని మరోదానికి సాగదీయకూడదని స్పష్టం చేసింది. పిల్లల విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. తల్లిదండ్రుల విశ్వాసం పిల్లవాడు ఎంచుకున్నది కాదు కాబట్టి, రక్తం ఎక్కించనని పిల్లవాడి తరఫున వాళ్లకు నేను మాట ఇవ్వను, ఆ సంగతి మొదటి రోజే చెప్పేస్తాను.

ఈ పద్ధతులు సాక్షులకే పరిమితం కావలసిన అవసరం లేదు. 1952లో బొంబాయిలో భెండే కనిపెట్టిన బాంబే గ్రూపు రక్తం ఉన్నవాళ్లకు 'O' గ్రూపు రక్తం కూడా సరిపడదు, వాళ్లకు రక్తం వద్దనకపోయినా దొరకదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో నాలుగు పెద్ద ఆసుపత్రులు ఈ జాగ్రత్తలనే రోగులందరికీ వర్తింపజేసి, ఆరేళ్లలో ఆరు లక్షల మందికి పైగా రోగుల మీద రక్తం వాడకాన్ని 41 శాతం తగ్గించాయి. మన సంగతి చూస్తే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే మా బల్ల మీదికి వచ్చే స్త్రీలలో సగానికి పైగా 430 మిల్లీలీటర్ల వెసులుబాటు వైపు ఉన్నవాళ్లే. అయినా మత్తు డాక్టరు రోగిని మొదటిసారి చూసేది చాలాచోట్ల ఆపరేషన్ ముందురోజు సాయంత్రం. ఆ సాయంత్రం ఎక్కించిన ఐరన్ మర్నాటికి రక్తం కాదు.

ఈ మాట అన్నప్పుడు ఒక సర్జన్ మిత్రుడు సూటిగా అడిగాడు: "నెల రోజులు ఆగమంటే రోగి పక్క ఆసుపత్రికి పోతాడు, అక్కడ రెండు సంచులు ఎక్కించి రేపే చేసేస్తారు, అప్పుడు నీ ఐరన్ ఎవరికిస్తావు?" ఆ మాటలో నిజం లేకపోలేదు. క్యాన్సర్ అయితే ఆగడానికి రెండు మూడు వారాల కంటే వ్యవధి ఉండదు, ఉన్న వ్యవధిలోనే, రోగం తేలిన రోజునే ఐరన్ మొదలుపెట్టాలి. గర్భసంచి గడ్డలు, మోకాలి మార్పిడి, పిత్తాశయంలో రాళ్లు, ఇలాంటివాటిలో చాలావరకు నెల ఆగినా కొంప మునగదు. ఇప్పుడు మా దగ్గర కుదుర్చుకున్న ఏర్పాటు చిన్నదే: సర్జన్ ఆపరేషన్ తేదీ రాసే ముందు హిమోగ్లోబిన్ చూస్తాడు, పది లోపు ఉంటే ఆ చీటీ ముందు నా గదికి వస్తుంది. కొందరు రోగులు పక్క ఆసుపత్రికి వెళ్లిపోతున్నారు. ఎక్కువమంది ఆగుతున్నారు.